జపాన్ కత్తుల పేరు, వాటి ఉక్కు: తరచుగా అడిగే ప్రశ్నలు

వంటింటి కత్తుల మీద నాకున్న పిచ్చి తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకచోట రాసి పెట్టాను. నేను కమ్మరిని కాను, కత్తుల వ్యాపారమూ లేదు. కొన్నాను, వాడాను, పాడుచేశాను, మళ్లీ సానపట్టి బాగుచేసుకున్నాను. ఆ మాత్రం అనుభవంతో చెబుతున్న మాటలివి.

జపాన్ కత్తి నిజంగా అంత గొప్పదా, పేరేనా?

పేరులో సగం న్యాయంగా వచ్చిందే. మిగతా సగం సమురాయ్ కథల పుణ్యం.

న్యాయంగా వచ్చిన సగం సంగతి ఒక్క ఉల్లిపాయతో తేలిపోతుంది. మామూలు కత్తితో పెద్ద ఉల్లిపాయను రెండు ముక్కలు చేస్తే చివర్లో టప్పున విడిపోతుంది. కత్తి కోసిందనుకుంటాం. నిజానికి కత్తి కొంత దూరమే కోసింది, ఆపైన దాని మందం చీలలా పనిచేసి పాయను చీల్చింది. సన్నగా సానపట్టిన జపాన్ కత్తి ఆ చప్పుడు చేయదు. దాని బరువు ఆనించి కొద్దిగా ముందుకు జరిపితే చాలు, కింద చెక్క తగిలేదాకా దిగిపోతుంది. కోసిన ముఖం తడిగా మెరుస్తుంది కానీ రసం కారదు.

ఈ సుళువుకు మూలం ఉక్కు ఒక్కటే కాదు. అసలు మూలం సన్నదనం. అంచుకు కాస్త పైన కొలిస్తే మంచి కత్తుల్లో అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అంత సన్నగా అరగదీస్తే మెత్తటి ఉక్కు అంచు మడత పడిపోతుంది. అందుకని ఉక్కు గట్టిగా ఉండాలి. సన్నదనం కావాలి కాబట్టి గట్టిదనం వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకుంటే కత్తుల గురించి జరిగే వాదనల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

జర్మన్ కత్తి లెక్క వేరు. అది కాస్త మందం, కాస్త మెత్తన. ఎముక తగిలినా, ఎవరో సింకులో పడేసినా ఓర్చుకుంటుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు రోజుకు పది కిలోల కోడి కొట్టి చూడాలి.

హెచ్‌ఆర్‌సీ 61, 63 అని రాస్తారే, ఏమిటది?

రాక్‌వెల్ గట్టిదన పరీక్షలో వచ్చే అంకె. కోసుగా చెక్కిన వజ్రపు మొనను 150 కిలోల బరువుతో ఉక్కు మీద నొక్కి, అది ఎంత లోతు దిగిందో చూస్తారు. తక్కువ దిగితే అంకె ఎక్కువ. పేరున్న జర్మన్ కత్తులు సాధారణంగా 56 నుంచి 58 మధ్య ఉంటాయి. జపాన్ కత్తులు ఎక్కువగా 60 నుంచి 64.

రెండు మూడు అంకెల తేడాకే ఇంత గొడవా అనిపిస్తుంది. 57 దగ్గర అంచు మొద్దుబారేది ఎక్కువగా వంగడం వల్ల, ఒక రాడ్‌తో సరిచేస్తే మళ్లీ నిలబడుతుంది. 63 దగ్గర అంచు వంగదు. చాలా రోజులు అలాగే ఉంటుంది, తట్టుకోలేని చోట మాత్రం పెచ్చు ఊడుతుంది.

ఇందులో ఒక మినహాయింపు చెప్పాలి. పిడి నుంచి మొన దాకా అంతా లోహమే ఉండి, పిడి మీద నల్ల చుక్కలుండే గ్లోబల్ కత్తులు మీరు చూసే ఉంటారు. అవి నీగాటా ప్రాంతంలో తయారయ్యే అచ్చమైన జపాన్ కత్తులే. గట్టిదనం మాత్రం 56–58. జపాన్‌లో చేసినంత మాత్రాన గట్టి ఉక్కు అయిపోదు.

తెల్ల కాగితం, నీలి కాగితం అంటారు. ఉక్కుకు కాగితమేమిటి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది.

షిమానె రాష్ట్రంలో యసుగి అనే రేవు ఊరు ఉంది. అక్కడి ఉక్కు కర్మాగారం చాలాకాలం హిటాచీ మెటల్స్ పేరుతో నడిచింది, 2023 జనవరి నుంచి ప్రొటీరియల్ అయింది. అక్కడినుంచి వచ్చే ఉక్కు పట్టీలు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తెలియడానికి రకానికో రంగు కాగితం అంటించేవారు. తెల్ల కాగితానిది షిరోగామి, నీలి కాగితానిది అవోగామి, పసుపుది కిగామి. 'కామి' అంటే కాగితం, జంట మాటలో 'గామి' అవుతుంది. ఉక్కులో రంగేమీ ఉండదు.

షిరోగామి అంటే దాదాపు ఇనుము, కార్బన్ మాత్రమే. భాస్వరం, గంధకం వంటి మలినాలు చాలా తక్కువ. 2వ నంబరులో కార్బన్ 1.05 నుంచి 1.15 శాతం, 1వ నంబరులో 1.25 నుంచి 1.35. ఇతర లోహాలేమీ కలపకపోవడం వల్ల సానరాయి మీద పెట్టగానే వెన్నలా అరుగుతుంది, అంచు చాలా సన్నగా తేలుతుంది. పచ్చి చేపను పొరలు పొరలుగా కోసే వంటవాళ్లు దీన్ని వదలకపోవడానికి కారణం అదే. వాళ్లు రోజూ రాత్రి పని ముగిశాక సానపడతారు, కాబట్టి తొందరగా పదును పోతుందన్న బాధ లేదు.

అవోగామి అంటే షిరోగామిలో కాస్త టంగ్‌స్టన్, కాస్త క్రోమియం కలిపింది. 2వ నంబరులో టంగ్‌స్టన్ 1 నుంచి 1.5 శాతం. టంగ్‌స్టన్ కార్బన్‌తో కలిసి అతి గట్టి రేణువులుగా మారి అంచును అరగనివ్వదు. అవోగామి సూపర్ అని ఇంకోటుంది. అందులో కార్బన్ 1.4 శాతం దాటుతుంది, మాలిబ్డినం, వనేడియం కూడా చేరతాయి. పదును వారాల తరబడి నిలుస్తుంది. సానపట్టడానికి మాత్రం షిరోగామి అంత తేలిగ్గా లొంగదు. నీలిలో ఉన్న ఆ చిటికెడు క్రోమియాన్ని చూసి తుప్పు పట్టదేమో అనుకోకండి, పడుతుంది.

కిగామి వీటికంటే చౌక రకం. రంపాలకూ, తక్కువ ధర పనిముట్లకూ వాడతారు.

మరి స్టెయిన్‌లెస్ రకాలు? వీజీ-10 అంటే ఏమిటి?

ఫుకుయి రాష్ట్రంలోని తకెఫు స్పెషల్ స్టీల్ కంపెనీ చేసిన ఉక్కు. 'వీజీ' అంటే వీ గోల్డ్. కార్బన్ సుమారు 1 శాతం, క్రోమియం 15, పైన 1.5 శాతం దాకా కోబాల్ట్. ఇరవై ఏళ్లకు పైగా విదేశాల్లో జపాన్ కత్తి అంటే వీజీ-10 అన్నట్టే నడిచింది. మంచి ఉక్కే. పదును బాగా నిలుస్తుంది. నా ఫిర్యాదు ఒక్కటే: సానపట్టేటప్పుడు అంచు చివర లేచే సన్నటి పొర ఒక పట్టాన వదలదు, అటూ ఇటూ వాలుతూ ఉంటుంది. కొత్తగా సాన నేర్చుకునేవాళ్లు "ఎంత రుద్దినా పదును రావడం లేదు" అనేది ఎక్కువగా ఈ ఉక్కు దగ్గరే.

గింసాన్ అని యసుగిదే మరో స్టెయిన్‌లెస్ ఉంది, వెండి కాగితం 3వ నంబరు. వాడుతుంటే కార్బన్ ఉక్కులా అనిపిస్తుంది, తుప్పు బెడద ఉండదు. ఉక్కును పొడిగా మార్చి, ఆ పొడిని వేడిమీద అదిమి చేసే ఎస్‌జీ2, దానికి కవలలాంటి ఆర్2 రకాలు 62–64 దాకా వెళతాయి. మొదటి కత్తికి ఇంత అవసరం లేదు.

వీటిలో ఏది అన్నిటికంటే మంచిది?

ఏ ఉక్కు మంచిదని కాకుండా, ఎవరు కాల్చారని అడగండి.

ఉక్కు పేరు బియ్యం రకం లాంటిది. సోనా మసూరి తెచ్చి సంకటి చేసేవాళ్లూ ఉన్నారు. షిరోగామిని సుమారు 800 డిగ్రీల దగ్గర ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. ముప్పై డిగ్రీలు ఎక్కువైతే లోపలి కణాలు ఉబ్బి, ఉక్కు గాజులా పెళుసవుతుంది. తక్కువైతే గట్టిపడదు. అందుకే చాలామంది కమ్మర్లు కొలిమి గదిని చీకటిగా ఉంచుతారు, ఇనుము రంగు సరిగ్గా కనబడాలని. ముంచిన తరువాత 200 డిగ్రీలకు అటూ ఇటూగా మళ్లీ వేడిచేసి పెళుసుదనం తగ్గిస్తారు. ఈ రెండు మెట్ల దగ్గర చెయ్యి తిరిగినవాడి 2వ నంబరు షిరోగామి, అరకొర పనివాడి అవోగామి సూపర్‌ను ఓడిస్తుంది. ఆ తరువాత సానపట్టేవాడి వంతు. ఎంత మంచి ఉక్కయినా మందంగా వదిలేస్తే క్యారెట్ దగ్గర గొడ్డలిలా చీలుస్తుంది.

పెట్టె మీద ఉక్కు పేరు పెద్దక్షరాల్లో ఉండి, చేసినవాళ్ల పేరు ఎక్కడా లేకపోతే నేను ఆ పెట్టె ముట్టుకోను.

సమురాయ్ ఖడ్గాల ఉక్కుతోనే వీటిని చేస్తారా?

చేయరు. ఖడ్గానికి వాడేది తమాహగానె. ఇనుప ఇసుకనూ కొయ్యబొగ్గునూ తతారా అనే మట్టి కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు కాల్చి తీస్తారు. సుమారు 10 టన్నుల ఇసుకకు 12 టన్నుల బొగ్గు పడుతుంది, చివరికి రెండున్నర టన్నుల ముద్ద మిగులుతుంది. ఆ ముద్ద అంతా పనికిరాదు, అందులో మంచి తునకలు ఏరుకోవాలి. షిమానె కొండల్లో ఒకుఇజుమో దగ్గర 1977లో ఈ కొలిమిని మళ్లీ వెలిగించారు. చలికాలంలోనే నడుపుతారు. వచ్చిన ఉక్కు ఖడ్గాలు చేసే అనుమతి ఉన్న కమ్మర్లకు వెళుతుంది.

ఖడ్గానికీ వంటకత్తికీ నిజంగా ఉన్న బంధుత్వం మనుషులది. 1876లో మెయిజీ ప్రభుత్వం బయట ఖడ్గం ధరించడాన్ని నిషేధించింది. బేరాలు పోయిన కమ్మర్లు కొడవళ్లు, కత్తెరలు, వంటకత్తుల వైపు మళ్లారు. మెత్తటి ఇనుముకు గట్టి ఉక్కును అతికించి సాగగొట్టే విద్య మాత్రం వాళ్ల చేతుల్లో అలాగే మిగిలింది. మెత్తటి దాన్ని జిగానె, గట్టిదాన్ని హగానె అంటారు. రెండు మెత్తటి రేకుల మధ్య గట్టి ఉక్కు పెడితే అది సాన్మాయ్, మూడు పొరలది. కత్తిని వెలుతురుకు వంచి చూస్తే అంచుకు పైన అలలా ఒక గీత కనబడుతుంది. లోపలి ఉక్కు బయటపడే చోటు అది.

ఇంకో మాట. ఈ పొరలను ఇప్పటికీ ప్రతి కమ్మరీ కొలిమిలో తానే అతికించడం లేదు. ముందే అతికించిన రేకులు ఉక్కు కంపెనీలే అమ్ముతాయి, చాలామంది వాటినే కొంటారు. అందులో మోసమేమీ లేదు. "తాతల నాటి పద్ధతిలో" అని రాసి ఎక్కువ ధర చెబితే మాత్రం ఏ పని చేత్తో చేశారో అడగండి.

కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు... అదేనా డమాస్కస్ ఉక్కు?

పేరు అదే, వస్తువు వేరు. జపాన్ కత్తుల మీద కనబడేవి రెండు రకాల ఉక్కు రేకులను ఒకదానిపై ఒకటి పేర్చి అతికించిన పొరలు. మధ్యలో కోసే ఉక్కు ఒకటి, ఇరుపక్కలా పదహారేసి పొరలు వేస్తే 33, ముప్పై మూడేసి వేస్తే 67. కోసేది ఆ మధ్యలో ఉన్నదే. పక్కవన్నీ అందానికి.

చరిత్రలో డమాస్కస్ ఖడ్గాలకు పేరు తెచ్చిన ఉక్కు ఇలా పొరలుగా అతికించింది కాదు. మూసలో కరిగించి నెమ్మదిగా చల్లార్చిన ముద్దలోనే ఆ నీటిగీతలు పుట్టేవి. ఆ ముద్దలు వెళ్లింది దక్షిణ భారతం నుంచి. అందులో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు మొదటి వరసలో ఉంటుంది. పర్షియా వర్తకులు అక్కడికి స్వయంగా వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవారు. ఇంగ్లీషువాళ్లు దానికి పెట్టిన వూట్జ్ అనే పేరు కూడా కన్నడంలోనూ మనకూ ఉన్న 'ఉక్కు' అనే మాట నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితులు అంటారు. జపాన్ కత్తి మీది గీతలు చూసి "ఇది మనదే" అని గర్వపడితే తప్పు చోట గర్వపడినట్టు. గర్వపడాల్సింది కోనసముద్రంలో ఉంది.

సకాయి, సెకి, ఎచిజెన్... ఊరు పేరును బట్టి కత్తి తేడాగా ఉంటుందా?

ఉంటుంది. గద్వాల చీరకూ వెంకటగిరి చీరకూ ఉన్నంత తేడా.

సకాయి ఒసాకా పక్కనే ఉంది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ద్వారా పొగాకు వచ్చాక, ఆకును వెంట్రుకల్లా తరగడానికి కత్తులు కావాల్సి వచ్చాయి. సకాయి వాటిని చేసి పేరు తెచ్చుకుంది. తొకుగావా ప్రభుత్వం 'సకాయి కివామె' అనే ముద్ర ఇచ్చి అమ్మకపు హక్కు కట్టబెట్టింది. ఇప్పటికీ అక్కడ ఒక కత్తి ఒక్కరి చేతిలో తయారవదు. సాగగొట్టేది ఒకరు, సానపట్టేది ఇంకొకరు, పిడి బిగించేది మరొకరు. కత్తి మీద చెక్కే పేరు ఈ ముగ్గురిలో ఎవరిదీ కాకుండా అమ్మే దుకాణానిది కూడా కావచ్చు. చేపల కోసం ఒకవైపే సానపట్టిన కత్తులకు జపాన్ వంటవాళ్లు మొదట చూసేది సకాయి వైపే.

సెకి గిఫు రాష్ట్రంలో ఉంది. వందల ఏళ్ల ఖడ్గాల ఊరు, ఇప్పుడు ఫ్యాక్టరీల ఊరు. 1908లో మొదలైన కాయ్ కంపెనీ పుట్టిల్లు. ప్రపంచమంతటా అమ్ముడయ్యే షున్ కత్తులు వాళ్లవే. ఫ్యాక్టరీ అని చప్పరించేయకండి. వెయ్యి కత్తులు ఒకే గట్టిదనంతో తీయడం చిన్న విద్య కాదు.

ఎచిజెన్ ఫుకుయిలో ఉంది. 14వ శతాబ్దంలో క్యోటో నుంచి వచ్చిన ఖడ్గ కమ్మరి చుట్టుపక్కల రైతులకు కొడవళ్లు చేసిపెట్టడంతో అక్కడ పని మొదలైందని చెప్పుకుంటారు. తకెఫు నైఫ్ విలేజ్‌లో చాలామంది కమ్మర్లు ఒకే కప్పు కింద పనిచేస్తారు, వెళ్లినవాళ్లు పైనుంచి చూడొచ్చు.

సాన్జో, త్సుబామె నీగాటా రాష్ట్రంలో జంట ఊళ్లు. వరదలతో నష్టపోయిన రైతులు మేకులు కొట్టడంతో మొదలై పనిముట్లకూ కత్తులకూ వచ్చారు. తోజిరో కంపెనీ ఇక్కడిదే. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఎక్కువసార్లు ఈ ప్రాంతపు కత్తే. తొసా, మికి కూడా ఉన్నాయి, అవి గొడ్డళ్లు, ఉలులు, రంపాల వంటి పనిముట్లకు ప్రసిద్ధి.

ఒకవైపే పదును ఉన్న కత్తి కొనాలా?

మీరు సుషీ చేయకపోతే వద్దు. ఎడమచేతివాళ్లయితే ఇంకా జాగ్రత్త: అవి కుడిచేతి వాటంగా ఉంటాయి, ఎడమచేతి కత్తి విడిగా చేయించుకోవాలి, ధర కూడా ఎక్కువ.

గ్యూతో, సాంతోకు, నకిరి: మొదట ఏది?

గ్యూతో అంటే అక్షరాలా 'గొడ్డు మాంసపు కత్తి'. మెయిజీ కాలంలో జపాన్‌లో మాంసం తినడం పెరిగాక పడమటి కత్తిని చూసి చేసుకున్నది. పొడవు, మొన ఉంటుంది, అన్నిటికీ పనికొస్తుంది. సాంతోకు రెండో ప్రపంచయుద్ధం తరువాత ఇళ్లలోకి వచ్చిన పొట్టి కత్తి. నకిరి కూరగాయలకు మాత్రమే, మొన ఉండదు, దీర్ఘచతురస్రంగా ఉంటుంది.

మనవాళ్లకు నా సలహా 165 మిల్లీమీటర్ల నకిరి లేదా సాంతోకు. మన వంటలో కోసేది ముప్పాతిక వంతు ఉల్లిపాయ, బెండకాయ, వంకాయ, క్యాబేజీ, కొత్తిమీర. నకిరికి అంతకన్నా పండగేముంది! చెక్క పెద్దదిగా ఉండి, కత్తి అలవాటున్నవాళ్లు 210 గ్యూతో తీసుకోవచ్చు.

మన వంటింట్లో నిలబడుతుందా? కొబ్బరికాయ, మటన్, కంద...

కొబ్బరికాయ వద్దు. ఎముక వద్దు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చికెన్ వద్దు. గుమ్మడికాయలో దింపి పక్కకు తిప్పి పగలగొట్టడం అసలే వద్దు. గట్టి ఉక్కు నిలువు బరువును బాగానే మోస్తుంది, పక్కకు మెలితిప్పితే ఊరుకోదు. బొచ్చె చేప తల చీల్చాలంటే మందంగా ఉండే దేబా కత్తి ఉంది.

నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ఒక ఉగాది పొద్దున పచ్చడికి మామిడికాయ తరుగుతున్నాను. కాయ లేతగానే ఉందనుకున్నాను. లోపల టెంక కట్టేసింది. కత్తి ఆగింది. ఆగినప్పుడు తీసేయాల్సింది, నేను చేత్తో ఓ దెబ్బ వేసి కాస్త తిప్పాను. చిన్న 'టిక్'. కడిగి కిటికీ దగ్గర చూస్తే అంచులో ఆవగింజంత గంట్లు మూడు. ఊడిన ఉక్కు ఎక్కడుందో తెలియక అప్పటిదాకా తరిగిన ముక్కలన్నీ పారబోశాను. పచ్చడి ఆ ఏడు పక్కింటి నుంచి వచ్చింది. ఆ గంట్లు పోయేదాకా 400 నంబరు గరుకు సానరాయి మీద ఒక సాయంత్రమంతా రుద్దాల్సి వచ్చింది. ఆవకాయ ముక్కలు కొట్టే కత్తి వేరే ఎందుకు ఉంటుందో అమ్మ ఎప్పుడూ విడమర్చి చెప్పలేదు, ఆ రోజు అర్థమైంది.

కింద వేసుకునేది చెక్క అయి ఉండాలి. గాజు పలక, గ్రానైట్ గట్టు మీద నాలుగు వేట్లకే అంచు పోతుంది. కోసిన ముక్కలను అంచుతో గీకి గిన్నెలో వేసే అలవాటుంటే కత్తిని బోర్లించి వెన్నుతో తోయండి.

కత్తిపీట మీద పెరిగినవాళ్లకు ఇంకో చిన్న ఇబ్బంది. అక్కడ అంచు కదలదు, కాయ కదులుతుంది. ఇక్కడ తిరగబడుతుంది. కత్తిని నేరుగా కిందికి నొక్కకుండా ముందుకో వెనక్కో జరుపుతూ దింపడం చేతికి రావడానికి వారం పడుతుంది.

తుప్పు పడుతుందా?

షిరోగామి, అవోగామి అయితే మీ కళ్లముందే పడుతుంది. నిమ్మకాయ కోసి ఫోన్ ఎత్తి వచ్చేలోపు నారింజ మచ్చ కనిపిస్తుంది. కోసిన వెంటనే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. ఇలా వాడగా వాడగా బూడిదరంగు, నీలం, కొంత ఊదా కలిసిన పొర ఏర్పడుతుంది. అది మంచి పొర, తుప్పును ఆపుతుంది. అంతవరకూ పచ్చి మామిడి, చింతకాయ వంటి పుల్లటి వాటికి ఇనుప వాసన అంటుకుంటుంది. ఇంట్లో అందరూ వాడే కత్తి అయితే స్టెయిన్‌లెస్ కొనండి, గొడవలు తగ్గుతాయి.

డిష్‌వాషర్‌లో వేయొచ్చా?

వద్దు.

సానపట్టడం ఎలా? బయట పట్టించొచ్చా?

సైకిల్ చక్రానికి రాయి బిగించి వీధిలో తిరిగే సానవాళ్లకు మాత్రం ఇవ్వకండి. వాళ్ల పని చెడ్డదని కాదు. ఆ రాయి మీద నిప్పురవ్వలు లేస్తాయి, రవ్వలు లేచాయంటే అంచు కాలిందని అర్థం. 200 డిగ్రీల దగ్గర కొలిచి చేసిన పని అక్కడ క్షణంలో పోతుంది. రెండు చక్రాల మధ్య కత్తిని లాగే చిన్న పరికరాలు, గీతలున్న ఉక్కు రాడ్లు కూడా గట్టి అంచును పెచ్చులుగా లేపుతాయి.

నీటి సానరాయి ఒకటి కొనండి. నంబరు పెరిగేకొద్దీ రాయి సన్నగా ఉంటుంది. మొదటికి 1000 నంబరు చాలు, రెండోవైపు 6000 ఉంటే మంచిది. కత్తికి డబ్బు పెట్టి రాయికి పెట్టనని అనేవాళ్లు జపాన్ కత్తి కొనకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. మూడు నెలలకు అది కూడా మామూలు కత్తే అవుతుంది.

పద్ధతి ఇది. రాయి నానబెట్టే రకమైతే బుడగలు ఆగేదాకా నీళ్లలో ఉంచండి. కత్తిని రాయి మీద పరిచి, వెన్ను కింద చిటికెన వేలి చివర దూరేంత ఎత్తు లేపండి. సుమారు 12 నుంచి 15 డిగ్రీల వాలు వస్తుంది. ఎడమచేతి రెండు వేళ్లు అంచుకు దగ్గరగా ఆనించి, ముందుకూ వెనక్కూ తోయండి. రాయి మీద నల్లటి బురద చేరుతుంది, దాన్ని కడగకండి, పని చేసేది అదే. కాసేపటికి అవతలి వైపున వేలిని వెన్ను నుంచి అంచు దాకా మెల్లగా దింపి చూస్తే సన్నటి గరుకు తగులుతుంది. అంచు మొత్తం పొడవునా ఆ గరుకు వచ్చిందంటే ఆ పక్క పని అయిపోయింది. తిప్పి రెండో వైపు. తరువాత సన్న రాయి మీద తేలిగ్గా. చివర మడతపెట్టిన పాత దినపత్రిక మీద వెనక్కు లాగితే మిగిలిన పొర రాలిపోతుంది.

పరీక్షకు పండిన టమాటా. నొక్కకుండా కత్తి బరువుతోనే తోలు తెగాలి. జారితే మళ్లీ రాయి దగ్గరికి. మొదటి నాలుగుసార్లు జారుతుంది, కంగారుపడకండి. రాయి కూడా మధ్యలో గుంట పడుతుంది, అప్పుడప్పుడు చదును చేయాలి.

"జపనీస్ స్టీల్" అని చౌకగా అమ్మేవి అసలువేనా?

"జపాన్ ఉక్కు", "జపాన్ పద్ధతి", "జపాన్‌లో తయారీ" మూడు వేర్వేరు మాటలు. ప్రకటనల్లో మొదటి రెండూ విరివిగా కనబడతాయి. జపాన్ లిపి చెక్కి, జపాన్‌లా వినబడే పేరు పెట్టుకున్న కత్తుల్లో చాలా భాగం చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు యాంగ్‌జియాంగ్‌లో తయారవుతాయి. అది పెద్ద కత్తుల ఊరే, అక్కడా మంచి పనివాళ్లున్నారు. వీజీ-10 మిశ్రమానికి దగ్గరగా అక్కడ చేసే ఉక్కుకు 10సీఆర్15సీవోఎంవోవీ అని పేరు. ఆ పేరు దాచకుండా రాసి, తగిన ధరకు అమ్మితే నాకు అభ్యంతరం లేదు. కథ అల్లి నాలుగింతలు తీసుకుంటేనే కోపం.

అసలుదానికి చేసిన సంస్థ పేరు, ఊరు, ఉక్కు రకం రాసి ఉంటాయి. "అసలు ధరలో 80 శాతం తగ్గింపు, ఈ రాత్రి వరకే" అని ఉంటే ఆ వెబ్ పేజీ మూసేయండి.

మడత చాకుల్లో కూడా జపాన్‌కు పేరుందా?

ఉంది. సెకిలో అమెరికా కంపెనీల కోసం చాలాకాలంగా చేస్తున్నారు. స్పైడర్‌కో 1981లో తెచ్చిన తొలి మడత చాకు అక్కడ చేసిందే. ఆ కంపెనీ అక్కడ చేయించే చాకుల్లో వీజీ-10 ఇప్పటికీ కనబడుతుంది. జేబు చాకుల్లో నాకు అంత లోతు లేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

జపాన్ వెళ్తున్నాం. ఎక్కడ కొనాలి, ఎలా తేవాలి?

టోక్యోలో కప్పాబాషి వీధి. రెండు పక్కలా వంటసామాన్ల దుకాణాలే. క్యోటోలో నిషికి బజారులో 1560 నాటి అరిత్సుగు ఉంది. కొన్నచోటే పేరు చెక్కించుకోవచ్చు. తెలుగులో రాసి చూపిస్తే తలగోక్కుంటారు, జపాన్ లిపిలో చెక్కుతారు. కట్టిన పెట్టెను దారిలో విప్పకండి. అక్కడి చట్టం ప్రకారం 6 సెంటీమీటర్లు దాటిన కత్తిని సరైన కారణం లేకుండా వెంట తిప్పకూడదు. విమానంలో చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, చేతి సంచిలో ఉంటే భద్రత తనిఖీ దగ్గరే వదిలేసి రావాలి.

చెక్క పిడి వదులైతే?

మామూలు విషయమే. జపాన్ సంప్రదాయ పిడి హోనొకి అనే తేలికపాటి చెక్కది, మెడ దగ్గర చాలావాటికి గేదె కొమ్ము కట్టు ఉంటుంది. కత్తి తోకను వేడిచేసి చెక్కలో కాల్చి దింపుతారు. వదులైతే తీసి కొత్తది వేసుకోవచ్చు. అక్కడి వంటవాళ్లు ఒకే కత్తికి పిడులు మార్చుకుంటూ పోతారు. ఏళ్ల సానకు కత్తి మాత్రం సన్నబడి, సగం వెడల్పుకు వస్తుంది.

కత్తి కానుకగా ఇవ్వొచ్చా?

జపాన్‌లో కొందరు బంధం తెగుతుందని జంకుతారు. దుకాణంవాళ్లు మాత్రం "కొత్త దారి తెరుస్తుంది" అని చెప్పి అమ్ముతారు. పుచ్చుకున్నవాళ్లు తిరిగి ఒక నాణెం ఇస్తే కొనుక్కున్నట్టే లెక్క, దోషం ఉండదు. అందుకు 5 యెన్ల బిళ్ల బాగా పనికొస్తుంది, ఎందుకంటే 'గో-ఎన్' అంటే అయిదు యెన్లు, అదే ఉచ్చారణకు బంధం అనే అర్థమూ ఉంది. మా అక్కకు చిన్న పెట్టీ కత్తి తెచ్చిచ్చినప్పుడు ఇదంతా వివరించాను. ఆవిడ కత్తిని చేతికి తీసుకోనంది, కత్తెర, ఉప్పు చేతికివ్వకూడదు కదా. బల్ల మీద పెట్టించి తీసుకుంది. తరువాత పర్సులో వెతికి రూపాయి బిళ్ల చేతిలో పెట్టింది. రెండు దేశాల శాంతీ ఒకేసారి అయిపోయింది.